ఉప్పులో ఊరిన ఈజిప్టు

ముందుగానే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే రోగం ఉంది. వలలో నాలుగు నెత్తళ్ళు పడితే సొరచేప పడిందంటాను. నలుగురు మూగితే తిరణాల అంటాను. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక కొట్టేసి మిగిలిన పాతిక నమ్ముతుంది. మా సంసారం సజావుగా సాగుతున్న రహస్యం అదే. మీరూ ఆ లెక్కనే చదువుకోండి. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో పెంచినవి బోలెడున్నాయి గాని, ఉట్టి గాలిలోంచి పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర నేనే చెబుతాను. మధ్యలో కనిపెట్టాలని చూడకండి. మా పల్లె పల్లెంతా నా ఎదురుగా కూర్చుని కూడా కనిపెట్టలేకపోయింది.

పోయిన నెల మా చిన్నాయన పోలయ్య పెద్దకర్మకి ఊరు వెళ్ళాను. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే నాయన్ని సముద్రం తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు. ఆ వెనకే అమ్మ జ్వరంతో పోయింది. నన్ను పెంచింది చిన్నాయన, నాయన తల్లి అయిన మా అవ్వ. భోజనాలయ్యాక మా పిన్నమ్మ రవణమ్మ దూలం మీంచి ఒక మూట దించి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీదంట అబ్బయా. నీ చేతికే ఇమ్మన్నాడు" అంది. పైన ఒక పాత పంచె, దాని కింద ఇంకో పంచె, దాని కింద ఇంకోటి. ఏడు చుట్లు విప్పాను (మీ లెక్కన రెండు). విప్పేకొద్దీ ఉప్పుచేప వాసన ముక్కుకి కొట్టింది. ఆఖరి చుట్టు ఊడేసరికి లోపల ఒక లావు పుస్తకం, ముప్పై ఏళ్ళ కింద నా చేతిలోంచి చిన్నాయన లాక్కున్నది. ఈజిప్టు రాజుల సమాధులు తవ్విన కథ. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలు లేవు, అందుకే దాని పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

మా పల్లెకి పడమట పులికాటు సరస్సు, తూర్పున సముద్రం. మధ్యలో ఇసక నాలుక ఒకటి. ఆ నాలుక మీద నలభై గుడిసెలు. అలవాటైపోయి మాకు అలల చప్పుడు వినపడేది కాదు. ఎప్పుడన్నా అది తగ్గితే మాత్రం ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. మా ఇంట్లో అన్నిటికీ ఉప్పు వాసనే. గొంగడికి ఉప్పు, పలకకి ఉప్పు, అవ్వ ముద్దుపెట్టుకుంటే నా చెంపకి ఉప్పు. ఉప్పుచేప ఊరేయడంలో మా అవ్వని మించినవాళ్ళు సూళ్లూరుపేట నుంచి బోగోలు దాకా లేరు. ఆమె ఊరేసిన చేప మూడేళ్ళు నిలవుండేదని చెప్పుకునేవాళ్ళు. ఒక చేప అయితే లేచి నడిచిందని నేను చెప్పేవాణ్ణి.

వారానికొకసారి అవ్వ గంప నెత్తిన పెట్టుకుని పడవలో సరస్సు దాటి పేట సంతకి పోయేది. నేనూ కొంగు పట్టుకుని పోయేవాణ్ణి. ఆమె చేపలమ్ముతుంటే నేను గ్రంథాలయంలో దూరేవాణ్ణి. అక్కడి పంతులుగారు నా వాసనకి కిటికీలు తెరిచి, త్వరగా వదిలించుకోవడానికి చేతికందిన పుస్తకాలిచ్చి పంపేవారు. అట్లా ఒకరోజు రెండొచ్చాయి. ఒకటి పలచటి నవల. ఈజిప్టు రాకుమారి పీనుగ పెట్టెలోంచి లేచి, తన సమాధి తవ్విన దొరల్ని ఒక్కొక్కణ్ణే పీక పిసికి చంపుతుంది. రెండోది ఈ లావు పుస్తకం. ఇందులో ఎవరూ లేవరు, ఎవర్నీ పిసకరు. అన్నీ కొలతలే. గోడ ఎన్ని మూరలు, మెట్లు ఎన్ని, ఇసక ఎంత లోతు, ఏ కుండ ఏ మూల దొరికింది.

మధ్యాహ్నం తెప్పలు ఒడ్డుకొచ్చాక మా కొట్టం ముందు ఆడవాళ్ళంతా కత్తిపీటలు వేసుకుని చేపలు కోసేవాళ్ళు. కోయని చెయ్యి చదవాలి, అది అవ్వ పెట్టిన నియమం. చదవగలిగిన చెయ్యి ఆ ఊళ్ళో నాదొక్కటే. నవల చదివితే కత్తులు ఆగిపోయేవి. లావు పుస్తకం చదివితే ఆవులింతలు. కాని మమ్మీలు తయారుచేసే పేజీలు వచ్చిననాడు మాత్రం మా అవ్వ కత్తి పక్కన పెట్టి ముందుకు జరిగి కూర్చుంది.

"కడుపులోవి యాడనించి తీసినారంట?" అంది.

"ఎడమ డొక్క కోసి."

"తెలివైనోళ్ళే. నడిపొట్ట కోస్తే ఆకారం చెడతాది. మరి మెదడో?"

"ముక్కులోంచి కొక్కెంతో లాగేవాళ్ళంట."

"మనం మొప్పల్లోనించి లాగినట్టు. గుండెకాయో?"

"గుండె వదిలేసేవాళ్ళంట అవ్వా. అది లోపలే ఉండాలంట."

అవ్వ పెదవి విరిచింది. "అదే తప్పు. కుళ్ళు మొదలయ్యేది ఆణ్ణించే. ఉప్పులో ఎన్నాళ్ళు పెట్టినారు?"

"నలభై దినాలు. సరస్సు అంచున పేరుకునే సవుడుప్పంట."

"నలభయ్యా! మడిసినా ఊరేసింది, ఏనుగునా?" అని పక్కింటి కావమ్మత్తకేసి తిరిగింది. "సవుడుప్పు గాబట్టి అన్నాళ్ళు పట్టినాది. మన ఉప్పు ఇచ్చుంటే పన్నెండో దినానికి రాజు ఎండిపోయి టంగుమనుండును."

"నీకు జాబు రాసుంటే బాగుణ్ణు వాళ్ళు," అంది కావమ్మత్త. "ఇంతకీ యాడ ఆ ఊరు? మద్రాసుకి అవతలా?"

ఆ రోజు నుంచి మా పల్లెలో ఒక తీర్మానం జరిగిపోయింది. పలచ పుస్తకం కత, లావు పుస్తకం నిజం. చేపలు ఊరేయడం తెలిసినవాళ్ళు రాశారు గనక అందులో అబద్ధముండదు. అవ్వ ఒప్పుకున్నాక ఇంక ఊళ్ళో అప్పీలు లేదు.

ఆ వేసవిలోనే నా ఐదో తరగతి అయిపోయింది. మా పల్లె బడికి ఆ పైన తరగతి లేదు. చిన్నాయన వల అల్లుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "సదివింది సాలబ్బయా. అమాస పోయినాక తెప్పెక్కు. మీ నాయన తెడ్డు అట్నే ఉండాది." అవ్వ తన చేపలకి ఉప్పు కూరుకుంటోంది. నాకు ఆ తెడ్డు తెలుసు. కొట్టంలో మూలన నిలబెట్టి ఉండేది, మనిషంత. నాయన పోయినప్పుడు అలలకి కొట్టుకొచ్చింది అదొక్కటే. నాయన రాలేదు, తెడ్డు వచ్చింది. దాని పక్కన నడవాల్సొస్తే నేను కొట్టం చుట్టూ తిరిగిపోయేవాణ్ణి. సముద్రమంటే భయమని ఆ ఊళ్ళో పుట్టి ఎవరితో చెప్పను? నీళ్ళంటే భయమని చేప చెప్పినట్టుంటుంది. అమావాస్య పదకొండు రోజుల్లో ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అన్నం మానేశాను (మీ లెక్కన ఒక పూట).

మంచినీళ్ళకి మేము ఇసకదిబ్బల్లో చెలమలు తవ్వుకునేవాళ్ళం. పాత చెలమ ఉప్పెక్కిందని చిన్నాయన సరివి చెట్ల తోట పక్కన కొత్తది తవ్వుతుంటే, రొమ్ములోతున గునపం టక్కుమంది. పెద్ద కుండ. నల్ల మూతి, ఎర్ర కడుపు, మూతి మీద బండ. చిన్నాయన బండ తోసి, చెయ్యి భుజం దాకా లోపల పెట్టి దేవాడు. ఇసక, ఒక చిట్టి గిన్నె, తెల్లటి ముక్కలేవో వచ్చాయి. "గవ్వలు" అని అవతల పారబోశాడు. అవ్వ పాత జాడి పగిలి మూడు వారాలయింది మరి. కుండని భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చాడు.

"ఏం జాడిరా!" అని అవ్వ దాన్ని తట్టి చూసి మురిసిపోయింది. "ఇంత మందం కుండ ఇప్పుడెవురు జేస్తారు?" కడిగి కొట్టం ముందు బోర్లించకుండా ఆరబెట్టింది. మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళేసరికి ఆ కుండ మూతిలోంచి "ఊ..." అని మూలుగు మొదలైంది. సన్నగా, ఆగకుండా, ఎవరో నోరు తెరవకుండా ఏడుస్తున్నట్టు. కుక్కలు లేచి సరస్సు వైపు వెళ్ళిపోయాయి. నవ్వుతున్న కావమ్మత్త నవ్వు ఆపింది. "నింపితే గమ్మునుంటాదిలే" అని అవ్వ ఇరవై వంజరం చేపలు కోసి, ఉప్పు కూరి, పొరలు పొరలుగా అందులో పేర్చి మూతేసింది. నిజంగానే మూలుగు ఆగిపోయింది. ఆగిపోవడమే నాకు నచ్చలేదు.

ఎందుకంటే ఆ కుండని నేను అంతకుముందే చూశాను. నల్ల మూతి, ఎర్ర కడుపు. లావు పుస్తకంలో, రాజులకింకా పెట్టెలు లేని కాలంలో మనుషుల్ని మోకాళ్ళు గడ్డానికి ముడిచి కూర్చోబెట్టి పూడ్చిన కుండల బొమ్మ ఉంది. నేను కక్కలేక మింగలేక నాలుగు రోజులున్నాను. ఐదోనాడు అవ్వ కుండలోంచి మొదటి చేప తీసి, కడిగి, నిప్పుల మీద కాల్చి అందరికీ తలా ముక్క పెట్టింది. కావమ్మత్త రెండో ముక్క అడుగుతుండగా నేను బొమ్మ తెరిచి అందరి ముందు పెట్టేశాను.

కత్తిపీటలు ఆగిపోయాయి. కావమ్మత్త నోట్లోది మింగలేక, ఉమ్మలేక, "ఎవుర్నిరా నాకు పెట్టినారు?" అని గొంతు పట్టుకుంది. పిన్నమ్మ రవణమ్మ అప్పుడే కడుపుతో ఉంది, లేచి లోపలికి పోయింది. చిన్నాయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. భుజం దాకా లోపల పెట్టిన చెయ్యి. అవ్వ మాత్రం కుండ మీద మూత సర్ది అంది: "సదవరా. లావు పుస్తకం ఏమంటాదో సదువు."

బొమ్మ కింద వేలు పెట్టాను. అందరూ నా వేలికేసే చూస్తున్నారు. గాలి మళ్ళింది. చదివాను: "ఈ కుండ మూత తీసి మొదట చెయ్యి పెట్టినవాడు నీళ్ళ మీదికి పోతే, నీళ్ళు అతణ్ణి తిరిగి ఇవ్వవు."

చిన్నాయన పెద్దగా నవ్వాడు. "ఆ ఊరోడికి నా సంగతి ఎట్టా దెలుసు?" అన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. నవ్వు సగంలో ఆగి, మొహం మీద అట్లాగే ఉండిపోయింది. "ఇంకోపాలి సదువు" అన్నాడు. చదివాను. ఒక్క అక్షరం తేడా లేకుండా చదివాను. అప్పుడు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, తలకిందులుగా పట్టుకుని ఆ పేజీకేసి చూశాడు. చదువు రానివాడు చూసే చూపు. పంచె చుట్టి దూలం మీద పెట్టేశాడు. "దీన్ని ఎవురూ ముట్టుకోబాకండి." తరవాతి సంతనాడు పుస్తకం సరస్సులో పడిపోయిందని గ్రంథాలయం పంతులుగారికి చెప్పాను. ఆయన కిటికీలు మూసేసి, మళ్ళీ రావద్దన్నారు.

అవ్వ, కావమ్మత్త కలిసి కుండలో చేపలన్నీ తీసేసి, దాన్ని దిబ్బ మీదికి దొర్లించుకుపోయారు. చిన్నాయన దూరంగా నిలబడ్డాడు. ఏరగలిగినన్ని తెల్లముక్కలు ఏరి అవ్వ లోపల వేసింది, చిట్టి గిన్నె పెట్టింది. తరవాత ఒక వంజరం, గుప్పెడు అన్నం. "ఎన్నాళ్ళాయనో పాపం నువ్వు తిని," అంది కుండతో. "తెలీక జేసినాడు సామీ నా బిడ్డ. నాకు మిగిలింది ఈడొక్కడే. అలిగిపోబాక." బండ మూసి, ఇసక కప్పి, దాని మీద కూర్చుని ఏడ్చింది. పెద్దకొడుకు పోయినప్పుడు కూడా ఆమె ఏడవలేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నేను సరివి చెట్టు వెనక నిలబడి ఉన్నాను. అప్పుడు నేను నోరు తెరిచి ఒక మాట చెప్పి ఉండవచ్చు. గాలికి చెట్టు "ఊ..." అంది. నేనేమీ అనలేదు.

అమావాస్య పోయింది. పొద్దుపొడుపున తెప్పలు నీళ్ళలోకి తోశారు. నేను నాయన తెడ్డు పట్టుకుని ఒడ్డున ఉన్నాను. మా తెప్ప మీద ఇద్దరు ఎక్కి కూర్చున్నారు, చిన్నాయన వెనక నిలబడి తొయ్యాలి. నీళ్ళు మడమలకొచ్చాయి, మోకాళ్ళకొచ్చాయి. అంతే. తెప్ప అలల మీద ఊగుతోంది, "రా పోలన్నా!" అని వాళ్ళు పిలుస్తున్నారు. ఈ తీరంలో గాలివానకి ఎదురెళ్ళి నవ్వుతూ తిరిగొచ్చిన మనిషి మోకాల్లోతు నీళ్ళలో నిలబడి వణుకుతున్నాడు. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. నా లెక్కలో గాని మీ లెక్కలో గాని ఇందులో తగ్గించేదేమీ లేదు. వెనక్కి తిరిగి, ఎవరికేసీ చూడకుండా, నా పక్కనుంచి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం తెప్ప కట్లు విప్పేశాడు. నాలుగు దుంగలు ఇసకలో పక్కపక్కన పడుకోబెట్టినట్టు ఉన్నాయి. రేపు మళ్ళీ కడతాడనుకున్నారు. వాటిని ఎవరూ మళ్ళీ కట్టలేదు.

"తెప్పే లేదు, ఇంక నీకేం పని ఈడ? పోయి సదువుకో," అన్నాడు నాతో, నాలుగు రోజుల తరవాత. తను సరస్సు అవతల గవ్వల సున్నం కాల్చే బట్టీలో పనికి కుదిరాడు. ఆ కూలితో నన్ను పేట హైస్కూల్లో చేర్చాడు. బట్టీలో సున్నపు దుమ్ము కళ్ళలో, ముక్కులో పడకుండా తలకీ మొహానికీ చేతులకీ పాత పంచె పీలికలు చుట్టుకునేవాడు. శనివారం నేను ఇంటికొచ్చేసరికి ఇసకలో అట్లాగే నడిచొచ్చేవాడు, నిలువెల్లా తెల్లగా, చుట్లు చుట్లుగా, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా. పలచ నవలలో రాకుమారి లేచి నడిచే పేజీ చదివి పల్లెనంతా భయపెట్టినవాణ్ణి, ఆ నడక చూసి గుమ్మంలోంచి లోపలికి పోయేవాణ్ణి. పరీక్షలన్నీ పాసయ్యాను. పట్నంలో ఉద్యోగం, రాతలు, నవ్వించేవాడన్న పేరు, అన్నీ ఆ సున్నంతో కట్టినవే.

ఇప్పుడు ఆ దిబ్బ లేదు. చదును చేసి రొయ్యల గుంటలు తవ్వారు. నీళ్ళు చిలికే మరలు పగలంతా "ఊ..." అంటూనే ఉంటాయి. కుక్కలు అలవాటుపడి పక్కనే పడుకుంటున్నాయి. అవ్వ కుండ ఏ గుంట అడుగున ఉందో, ఏ యంత్రం కింద పెంకులయిందో ఎవరికీ తెలియదు. పీలికలు చుట్టుకున్నా దుమ్ము లోపలికి పోయింది. చిన్నాయన దగ్గి దగ్గి పోయాడు. పిల్లలిప్పుడు ఇంజన్ల పడవల్లో వెళ్ళి ఇంజన్ల పడవల్లో తిరిగొస్తున్నారు. పట్నంలో మా పిల్లలు మమ్మీల సినిమా చూస్తూ పడీపడీ నవ్వుతారు. మా కాలంలో ఒక లావు పుస్తకం చెప్పిందంటే నమ్మేవాళ్ళం. ఇప్పుడు ఎవరేం చెప్పినా ఎవరూ నమ్మరు. ఏది మేలో నన్ను అడగకండి. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను పిన్నమ్మ అడిగింది: "ఏముందబ్బయా అందులో? మీ చిన్నాయన అంత ఇదిగా సదివినాడు!"

"చదివాడా?" అన్నాను. "చిన్నాయనకి చదువెక్కడిది?"

"ఊళ్ళోకి రాత్రిబడి వచ్చిందిలే, మా పెద్దోడి పెళ్ళయిన ఏడు. అందరూ సంతకం నేర్చుకుని మానేసినారు, ఈయనొక్కడే పోతానే ఉన్నాడు. ఆ ఎనక ఈ పుస్తకం దించి మొదలుపెట్టినాడు. దినానికి ఒక పేజీ. అక్షరం అక్షరం కూడబలుక్కుని. పేజీ అయితే సరివాకు ఒకటి పెట్టేవోడు గురుతుకి. రెండేళ్ళు పైన పట్టింది. అయిపోయిన దినం ఏమైందో తెలుసునా? నేరుగా సముద్రంకాడికి పోయినాడు. మెడలోతుకి. నేను గుండెలు బాదుకుంటా వెనకాల పరిగెత్తినా. శుబ్బరంగా తానం జేసి, నవ్వుకుంటా వచ్చినాడు. ఏందయ్యా అంటే, 'ఏంలేదు లేవే, అబ్బయ్య మంచిగా కతలు రాస్తాడు, మొదట్నించీ అంతే' అన్నాడు. నాకేం అర్దంకాలా."

నాకు అర్థమయింది. ఆ తరవాత కూడా నేను ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. ప్రతిసారీ చేపలో నడిముక్క నా కంచంలోనే వేశాడు. ఒక్కసారి, ఒక్క మాట అడగలేదు.

పేజీలు తిప్పాను. ఎండి ఎర్రబడిన సరివాకు, పేజీకొకటి. కుండ బొమ్మ ఉన్న పేజీ వచ్చింది. బొమ్మ కింద రెండే వరుసలున్నాయి: కుండ ఎత్తు, చుట్టుకొలత, లోపల ముడిచిన ఎముకలు, కొన్ని గింజలు, ఒక చిట్టి గిన్నె. కుండ నిజమే, మూలుగు నిజమే, అవ్వ ఏడుపు నిజమే. ఆ పేజీలో సరివాకులు మాత్రం రెండున్నాయి. చిన్నాయన రెండుసార్లు వెతికాడు. నీళ్ళు తిరిగి ఇవ్వవన్న మాట అక్కడ లేదు. అది నేను పుట్టించింది.